పైడమ్మకు చీర పెట్టిన సంఘం

పైడమ్మకు చీర పెట్టిన రోజున ఆవిడ కళ్ళంట నీళ్ళు కారుతుంటే, సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు అందరూ. అనుకోరూ మరి? వంగపండు రంగు చీర, జరీ అంచు, పనిగట్టుకుని అమలాపురం వెళ్ళి ఏరి తెచ్చింది. మెడలో బంతిపూల దండ. కొబ్బరి తాళ్ళ సంఘం అధ్యక్షురాలు వీరవేణి స్వయంగా కుర్చీ మోసుకొచ్చి షెడ్డు గుమ్మం పక్కన వేసి, "కూర్చోండి పెద్దమ్మగారూ. ఇకనించీ ఇది మీ కుర్చీ. మీరు ఏ పనీ ముట్టుకోడానికి వీల్లేదండి" అంది. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కొట్టని మనిషి ఒక్కతే, మంగాయమ్మ. చిన్నప్పట్నించీ పైడమ్మతో కలిసి అదే షెడ్డులో పనిచేసిన మనిషి కాబట్టి, ఆవిడ ఏడుపుల్లో ఏది ఏ ఏడుపో మంగాయమ్మకి తెలుసు. ఇది సంతోషం కాదని చూడగానే తెలిసిపోయింది. కానీ అంత వేడుకలో నోరు విప్పితే బాగుండదని ఊరుకుంది.

బాగుండదని ఊరుకోవడం మా కోనసీమ వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు లెండి. ఇంటికొచ్చిన మనిషి చాలు చాలంటున్నా విస్తట్లో ఇంకో గరిటె వేస్తాం. ఆ మనిషికి అరుగుతుందా లేదా అని మాత్రం అడగం.

పైడమ్మది ఐనవిల్లి దాటాక కాలవగట్టు వెంట ఉన్న ఒక చిన్న ఊరు. ఊరు చుట్టూ కొబ్బరి తోటలే అయినా, ఒకప్పుడు కాయకున్న విలువ డొక్కకి ఉండేది కాదు. కాయ ఒలిచాక డొక్కలు గట్టున కుప్పపడి, పొయ్యిలోకి పోగా మిగిలినవి వానకి నాని కుళ్ళిపోయేవి. గంగాధరరావు అనే ఆసామి ఆ డొక్కల్లోంచి పీచు తీసే మిషను తెచ్చి పెట్టాడు. పక్కనే తాళ్ళు పేనే షెడ్డు వేశాడు. పైడమ్మ ఆ షెడ్డులోకి వచ్చేనాటికి ఇంకా పరికిణీ కట్టుకునే పిల్ల.

తాడు పేనాలంటే ముగ్గురు మనుషులు కావాలి. ఇద్దరు నడుముకి పీచు కట్టుకుని, వేళ్ళతో కొంచెం కొంచెం అందిస్తూ వెనక్కి నడుస్తారు. మూడో మనిషి ఒకచోట కూర్చుని రాట్నం తిప్పుతుంది. పేనేవాళ్ళది పనితనం, తిప్పేవాళ్ళది ఒట్టి చాకిరీ. కూలి కూడా దానికి తగ్గట్టే ఉండేది. పైడమ్మ కూడా పేనడం నేర్చుకునేదే గానీ, వచ్చిన కొత్తలోనే ఎడమచేతి వేళ్ళు పీచు మిషన్లో పడి నలిగిపోయాయి. అతుక్కున్నాయి, వంగడం మానేశాయి. దాంతో రాట్నమే ఖాయమైంది. పెళ్ళయింది. మొగుడు కొబ్బరి దింపు పనివాడు, నెమ్మదైన మనిషి. ఏదో జ్వరం వచ్చి మధ్యలోనే పోయాడు. ఇద్దరు కూతుళ్ళని పెంచి రాజోలు వైపు ఇచ్చింది. ఈ మధ్యకాలమంతా రాట్నం తిరుగుతూనే ఉంది.

గంగాధరరావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోడానికి సుఖంగానైనా ఉండేది. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. "అమ్మా" అనే పిలిచేవాడు. అయితే ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పని తగ్గిన ఆడమనిషిని రావద్దని చెప్పేవాడు కాదు. ఓ మంచిరోజు చూసి ఇంటికి పిలిచి, పులిహోర, పరమాన్నంతో భోజనం పెట్టించి, భార్య చేత బొట్టు పెట్టించి కొత్త చీర చేతిలో పెట్టించేవాడు. ఆవిడ చీర పట్టుకుని బయటికొచ్చేది. మర్నాటి నుంచి షెడ్డుకి రాకూడదని ఆవిడకీ తెలిసేది, చూసినవాళ్ళకీ తెలిసేది. ఒకళ్ళకీ నోరెత్తే సందు ఉండేది కాదు. కడుపునిండా పెట్టి పంపిన మనిషిని ఏమని అడుగుతారు?

తర్వాత గంగాధరరావు కొడుకులు రొయ్యల చెరువుల మీద పడ్డారు. షెడ్డు మూసేస్తామన్నారు. మూసేస్తే ఆడవాళ్ళకి మిగిలింది తెల్లారకుండా వచ్చే రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను. చల్లటి నీళ్ళలో పొద్దస్తమానం నిలబడి రొయ్యలు ఒలవడం. అప్పుడు పుష్పలత పూనుకుంది. ఆవిడ చర్చి పక్క వీధి అమ్మాయి, ఇంటర్ దాకా చదివింది, పొదుపు గ్రూపు నడిపిన అనుభవం ఉంది. "షెడ్డు మనమే తీసుకుందామండీ. అందరం వాటాలేసుకుందాం. ఎంత వాటా అయినా మనిషికి ఒకటే ఓటు" అంది. రెండెకరాల కొబ్బరి తోట ఉన్న వీరవేణి కూడా, తన డొక్కలు తనకే పనికొస్తాయని కలిసింది. పైడమ్మ తనకున్న మేకని అమ్మి వాటా కట్టింది.

మొదటి సమావేశంలో పుష్పలత పేర్లు పిలుస్తూ "పైడమ్మగారూ" అంది. పైడమ్మ పలకలేదు. అదెవరో వేరే ఊరావిడ కాబోలనుకుంది. అన్నేళ్ళలో ఆవిడ "పైడీ", మహా అయితే "పైడమ్మా". గారు తగిలించిన పేరు ఆవిడ చెవిన పడ్డం అదే మొదలు. మంగాయమ్మ మోచేత్తో పొడిచి, "నిన్నేనే, పలుకు" అంటే "ఆయ్" అని లేచి నిలబడింది. షెడ్డంతా నవ్వింది.

ఆరోజే పైడమ్మ ఒక మాట కూడా చెప్పింది. "వాటాలు కొనేసి ఇంట్లో కూచునేవోళ్ళకి ఓటివ్వకండమ్మా. రేపు గంగాధరరావుగారి చుట్టాలంతా సభ్యులైపోతారు. షెడ్డులోకొచ్చి పంజేసినోళ్ళే చెయ్యెత్తాలి" అంది. అందరికీ నచ్చింది. పని చేసినవాళ్ళకే ఓటు అని నిబంధన రాసుకున్నారు.

ఆ సంఘం వల్ల ఊరికి ఏం ఒరిగిందంటే, చెప్పుకోడానికి పెద్ద విశేషాలేం లేవు. డొక్కలు గట్టున కుళ్ళడం మానేశాయి. చిన్నచిన్న తోటలవాళ్ళకి నాలుగు రాళ్ళు వచ్చాయి. పండగకి ముందు పని ఆగితే ఎందుకాగిందో అందరికీ తెలిసేది. గోదావరి పొంగి లంకల వాళ్ళు పిల్లాజెల్లాతో ఊళ్ళోకొచ్చిన ఏడాది, షెడ్డు గట్టు మీద ఉంది కాబట్టి అక్కడే వంటలు పెట్టారు. తాళం ఎవరిని అడగాలా అని ఎవరూ ఆలోచించలేదు. గంగాధరరావు కాలంలో అయితే అడిగేలోపు నీళ్ళు తీసేవి. అంతకు మించి చెప్పాలంటే, ఆ ఊరి ఆడవాళ్ళు బస్సులో కూచున్నప్పుడు "మా షెడ్డు" అనడం మొదలెట్టారు. ఆ "మా" ఎంత ఖరీదు చేస్తుందో, కూలికెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంతలో వయసు ఆడపిల్లలు షెడ్డు మానేసి మళ్ళీ రొయ్యల వ్యాను ఎక్కడం మొదలెట్టారు. వెనక్కి నడిచి నడిచి నడుములు పోతున్నాయన్నారు. మోటారు మిషన్లు తేవాలి, లేకపోతే సంఘం ముసలాళ్ళ సంఘమైపోతుందని పుష్పలత చెప్పింది. మోటారు మిషనైతే పేనేవాళ్ళు కూచుని పనిచేసుకోవచ్చు. రాట్నం తిప్పే మనిషితో పనిలేదు. ఈ ఆఖరి మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు. చేతులెత్తండి అంటే ఎవరూ ఎత్తలేదు. అందరి చూపులూ రాట్నాల దగ్గర కూచునేవాళ్ళ మీదకి పోయాయి. తక్కినవాళ్ళు పడుచువాళ్ళు, మిషను నేర్చుకోగలరు. పైడమ్మ చేతికే అది లొంగదు.

మొదటి చెయ్యి పైడమ్మే ఎత్తింది. "ఎత్తండమ్మా, నాకేసి చూస్తారేంటి? నా ఒక్కదానికోసం మీ నడుములు ఇరగ్గొట్టుకుంటారా?" అంది.

మిషన్లొచ్చాయి. సంఘానికి పైడమ్మ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇంత త్యాగం చేసిన మనిషికి ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలో పైడమ్మని అడగలేదు. వాళ్ళకి తెలిసిన గౌరవం ఒకటే ఉంది. పరమాన్నం వండారు, బొట్టు పెట్టారు, చీర పెట్టారు. అదే షెడ్డులో, ఆ పద్ధతిని కళ్ళారా చూసిన ఆడవాళ్ళే, ఒక్కళ్ళకీ గుర్తు రాకుండా పెట్టారు. మనసారా పెట్టారు. అదీ అసలు కష్టం.

ఆ తర్వాత రోజుల్లో పైడమ్మ పొద్దున్నే వచ్చి కుర్చీలో కూచునేది. టీ వచ్చేది. చీపురు పట్టుకుంటే ఎవరో ఒకరు పరుగున వచ్చి "అయ్యబాబోయ్, మీరెందుకండీ" అని లాక్కునేవారు. తాళ్ళ చుట్ట జరపబోతే "నడుం పట్టేస్తదండీ" అనేవారు. నెలాఖరుకి ఇంత అని పింఛనులా చేతిలో పెట్టేవారు. మనిషికి ఏ లోటూ లేదు. ఊళ్ళో వాళ్ళు "అదృష్టమంటే పైడమ్మదే" అన్నారు. ఆవిడకి అన్నం సయించడం మానేసింది.

కుర్చీలో కూచున్న మనిషికి మాత్రం అంతకుముందు కనబడనివి కనబడతాయి. మిషన్లొచ్చాక పీచు ఎక్కువ కావాల్సొచ్చింది. సభ్యులంతా మిషన్ల మీదకి పోయారు. తడి పీచు ఎండలో ఆరబోసి, తిరగేసి, దులిపి కట్టలు కట్టే పని ఎవరికీ ఇష్టం లేదు. దానికి పక్క పేటనించి ఇద్దరిని కూలికి పెట్టారు. ఒకమ్మాయి పేరు అనిత. రెండో ఆవిడ నడివయసు మనిషి. వాళ్ళు మధ్యాహ్నం చూరు కింద విడిగా కూచుని తినేవారు. ఎవరూ అక్కడ కూచోమని చెప్పలేదు, ఎవరూ లోపలికి రమ్మనీ చెప్పలేదు. అనిత వీరవేణిని "అమ్మగారూ" అని పిలిచేది. వీరవేణి "ఏమ్మా" అని ఎంతో తియ్యగా పలికేది. ఆ తియ్యదనం పైడమ్మకి ఎక్కడో విన్నట్టనిపించింది.

ఓ సాయంత్రం ఇంటికెళ్తూ గట్టు మీద మంగాయమ్మతో అంది: "నన్ను పంపించేసేరే మంగా."

"తెలుసే. ఆ రోజే తెలుసు."

"తెలిసి నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"అందరూ అంత సంబరంగా ఉంటే ఎలా అనను? చీర వాళ్ళ మొహాన కొట్టెయ్యలేకపోయేవా?"

"చీరెందుకిస్తానే? చీర బాగుంది" అంది పైడమ్మ. మంగాయమ్మకి నవ్వొచ్చింది. పైడమ్మకి రాలేదు. "నాకు పని కావాలి. నలుగురితో పాటు పని కావాలి. లేకపోతే పింఛను డబ్బులు పంపమను, ఇంట్లోనే కూచుంటాను, ఈ కుర్చీ ఎందుకు?"

ఏడాది సమావేశం వచ్చింది. షెడ్డులో తాటాకు చాపలు పరిచారు. ఆ ఏడాది పనిచేసి ఓటున్న సభ్యుల పేర్లు పుష్పలత వరసగా పిలిచింది. పిలవడం అయిపోయింది. పైడమ్మ కుర్చీలోంచి లేచింది.

"నా పేరు పిలవలేదమ్మా."

పుష్పలత మొహం ఎర్రబడింది. "అంటే... పనిచేసినవాళ్ళకే కదండీ పెద్దమ్మగారూ. ఆ రూలు మీరు పెట్టించిందే కదండీ."

"ఆయ్, నేనే పెట్టించేను. రూలు తప్పనట్లేదు. చేతిలో పని లాగేసుకుని రూలు చదివితే ఎలాగంటున్నాను."

వీరవేణికి మనసు చివుక్కుమంది. "అదేంటండీ అలాగంటారు? మేమేం తక్కువ చేసేమండీ మీకు? కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నాం. ఓటుదేముందండీ, మీరు మా అందరికీ తల్లిలాంటోరు."

పైడమ్మ నెమ్మదిగానే అంది. "వీరవేణమ్మగారూ, ఈ ఊళ్ళో నన్ను తల్లీ అన్నోళ్ళు చాలామంది ఉన్నారండి. గంగాధరరావుగారూ అన్నేరు. నువ్వూ నేనూ ఒకటే అన్నది ఈ సంఘం ఒక్కటే. నాకది కావాలి. తల్లిని నాకొద్దు."

వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాధరరావు పేరు వినగానే ఆ పులిహోర, ఆ బొట్టు, ఆ చీర ఒక్కొక్కళ్ళకీ కళ్ళ ముందుకొచ్చాయి. వాళ్ళల్లో కొందరి తల్లులే ఆ చీరలు పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళు. పాపం, ఎవరూ ఎవరికేసీ చూడలేకపోయారు.

పుష్పలతే ముందు తేరుకుంది. "సరేనండీ, తప్పు జరిగింది. మరి పనంటే ఏ పనండీ? మోటారు మిషను మీద మీ చెయ్యి పెట్టనివ్వలేం. జాలికొద్దీ పేరుకొక పని రాసుకుంటే రేపు ఇంకొకళ్ళడుగుతారు. సంఘం ఎలా నడుస్తుందండీ?" అంది. అది న్యాయమైన ప్రశ్నే.

"జాలికి వద్దు" అంది పైడమ్మ. "పీచు ఆరబోసే పని ఉంది కదా. మనకెవరికీ ఎండ పడక దానికి కూలి మనుషుల్ని పెట్టేం. నేను చేస్తాను. ఇంకో మాట. ఆ అనిత మన డొక్కల్లో, మన ఎండలో రోజంతా చేస్తోంది. మనల్ని అమ్మగారూ అంటోంది. మనం వాటాలేసుకుంది అమ్మగార్లం అవడానికా? వాళ్ళిద్దర్నీ సభ్యుల్ని చెయ్యండి."

ఇక్కడ గొడవ లేచింది. లేవదా? వాటాలు పెరిగితే పంపకం తగ్గుతుందని ఒకావిడ, పక్క పేట వాళ్ళు మన ఊరి సంఘంలోకెలాగని ఇంకొకావిడ, ఎండలో ముసలావిడ పడిపోతే చెడ్డపేరు ఎవరికొస్తుందని మరొకావిడ. మామూలుగా మా వాళ్ళు ఇలాంటి చోట అందరూ అన్నింటికీ "నిజమేనండీ" అంటారు. ఆరోజు మాత్రం మొహమాటం గాలికి వదిలేసి మాట్లాడుకున్నారు. ఆఖరికి మంగాయమ్మ లేచింది. "మా అమ్మకి చీర పెట్టి పంపించినప్పుడు నేనిక్కడే రాట్నం పక్కన నిలబడున్నాను. నోరెత్తలేదు. దీనికి పెట్టినప్పుడూ ఎత్తలేదు. బాగుండదనుకున్నాను. ఏం బాగుందమ్మా ఇప్పుడు?" అని కూలబడి ఏడ్చేసింది.

చేతులెత్తమన్నారు. నిబంధన ప్రకారం పైడమ్మకి ఓటు లేదు కాబట్టి ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూచుంది. అందరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు ఎత్తనివాళ్ళకంటే కాస్త ఎక్కువ, అంతే. అందరికంటే ఆలస్యంగా ఎత్తింది వీరవేణి. ఆవిడ పౌరుషం గల మనిషి, అంత తేలిగ్గా ఒప్పుకోదు. కానీ ఎత్తాక దించలేదు, లెక్కపెట్టడం అయిపోయినా సరే.

దాంతో అన్నీ చక్కబడిపోయాయని చెప్తే అబద్ధమవుతుంది. నడివయసు ఆవిడ, "నాకీ వాటాలూ మీటింగులూ వద్దమ్మా, రోజు కూలి రోజుకి ఇచ్చెయ్యండి చాలు" అని వేరే పనికి పోయింది. అనిత మాత్రం చేరింది. చేరాక కూడా కొన్నాళ్ళు చూరు కిందే తిన్నది. లోపల కూచోవడం అలవాటు కాక. పైడమ్మకి ఎండ కష్టమే అయింది. ఓ చిరుగుల తువ్వాలు నెత్తిన వేసుకుని పీచు తిరగేసేది. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేసేవి. మంగాయమ్మతో రోజూ సణిగేది. కానీ అన్నం మాత్రం సయించింది.

మళ్ళీ ఏడాది సమావేశానికి పుష్పలత "పైడమ్మగారూ" అని పిలిచింది. "ఆయ్" అంది పైడమ్మ, పక్కింటికి వినబడేలా.

ఆరోజు మాటకొచ్చింది ఏమిటంటే, తాళ్ళు రావులపాలెం చేరెయ్యడానికి సంఘానికి సొంత వ్యాను కొందామని. పైడమ్మ వద్దంది. ముందు పీచు ఆరబోసే చోట సిమెంటు గచ్చు చేయించాలి, వానొస్తే బురదలో పడి సగం పీచు పాడైపోతోంది అంది. గట్టిగానే వాదించింది. వీరవేణి కూడా అంతే గట్టిగా వాదించింది. ఈసారి "పెద్దమ్మగారూ" అనలేదు, "మీరు చెప్పేది తప్పండీ పైడమ్మగారూ" అంది. చేతులెత్తారు. వ్యానుకి షెడ్డంతా ఎత్తింది. వద్దని ఎత్తింది పైడమ్మ ఒక్కతే. తాను పట్టుబట్టి సభ్యురాల్ని చేయించిన అనిత కూడా, ఆవిడకేసి కాస్త భయంగా చూసి, వ్యానుకే ఎత్తింది.

బయటికొచ్చాక మంగాయమ్మకి ప్రాణం ఉసూరుమంది. తానూ వ్యానుకే ఎత్తింది మరి. ఎలా ఓదార్చాలా అనుకుంటూ పక్కకి తిరిగి చూస్తే, పైడమ్మ నవ్వుకుంటూ నడుస్తోంది. మామూలు నవ్వు కాదు, భుజాలు ఊగిపోతున్నాయి.

"ఏంటే నీకు మతిగాని పోయిందా? ఒక్కరూ నీ వైపు రాలేదు. అంత ఘోరంగా ఓడిపోయి నవ్వుతావేంటే?"

"గంగాధరరావుగారి దగ్గర అన్నేళ్ళు చేసేనే మంగా. ఒక్కసారైనా ఓడిపోయేనా?" అంది పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నన్నెవరైనా అడిగితే గదే, ఓడిపోడానికి!"